చింతలగల్లీలో మత్తుమందు దొరికిన వైనం

మత్తుమందులను అరికట్టి బాలలను రక్షించే నిమిత్తం సర్కారు గ్రాంటు మంజూరు చేసిందన్న కబురు సిద్దిపేటకు చేరిన రోజున, చింతలగల్లీ పెద్దమనుషులకు తమ గల్లీలో ఉన్న పెద్ద లోటు తెలిసివచ్చింది. గ్రాంటు వచ్చింది గానీ పట్టుకోవడానికి మత్తుమందు లేదు. బాలలు మాత్రం సమృద్ధిగా ఉన్నారు. సగం అర్హత ఉంది గనుక మిగతా సగం వెతికితే దొరక్కపోదని వాళ్లు ధైర్యం తెచ్చుకున్నారు.

గ్రాంటు మీద కన్నేసి ఉంచడానికి స్థానికంగా ఒక నిఘా కమిటీ ఉండాలన్నది నిబంధన. సర్కారు సొమ్ము మీద కన్నేయడంలో అనుభవం ఉన్నవాళ్లకు గల్లీలో కొదవ లేదు. అధ్యక్షుడిగా వెంకటనర్సయ్య పేరు ఏకగ్రీవంగా ఖాయమైంది. గల్లీ మొదట్లో ఉన్న కల్లు కంపౌండు ఆయనదే. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మత్తులో ఉన్నవాళ్ల మధ్య మత్తు లేకుండా కూర్చోగలిగిన మనిషి ఆయన ఒక్కడే కాబట్టి, అంతకన్నా తగిన వ్యక్తి జిల్లాలోనే ఉండడని అందరూ ఒప్పుకున్నారు. ఆబ్కారీ జవాను దేవరాజు కార్యదర్శి. ఆయన రోజూ కంపౌండును తనిఖీ చేసేవాడు. చేసినంతసేపూ చేసి, గ్లాసు బోర్లించి వెళ్లేవాడు.

ఇక చదువుకున్న తల్లి ఒకరు సభ్యురాలిగా ఉండాలి. తల్లులు బోలెడుమంది ఉన్నారు, చదువు దగ్గరే చిక్కొచ్చింది. చివరికి స్వరాజ్యలక్ష్మి దొరికింది. ఆమె ఎనిమిదో తరగతి సగం చదివింది. మిగతా సగం పెళ్లిలో పోయింది. పెనిమిటి భీవండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. ఇంట్లో అత్త లచ్చవ్వ, నాలుగేళ్ల కొడుకు కొమురేశు, చుట్టినకొద్దీ తరగని బీడీలు.

పిలవగానే ఆమె ఒప్పుకోవడానికి కారణం ఉంది. స్వరాజ్యలక్ష్మికి భయం ఎక్కువ. కొడుకు తుమ్మితే దవాఖాన గుర్తొస్తుంది, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అనిపిస్తుంది. అయితే ఈ ఒక్క భయానికి మాత్రం ఆధారం ఉంది. చింతలగల్లీలో పగటి బువ్వ కాగానే పిల్లలకు చిన్న గ్లాసెడు కల్లు తాగించడం ఆనవాయితీ. తాగిన పిల్లలు సాయంత్రందాకా లేవరు, ఆడవాళ్ల చేతులు బీడీల మీద ఆగవు. ఒకప్పుడు అది చెట్టు కల్లు. ఇప్పుడు చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగారు. ఆ లోటును కంపౌండులో నీళ్లతోనూ, ఒక రకం తెల్లపొడితోనూ పూడుస్తున్నారు. ఆ పొడిని ఊళ్లో ‘మందు’ అంటారు. కొమురేశు పడుకున్నాక స్వరాజ్యలక్ష్మి మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

“వాని బాపు గిట్లనే తాగి పెరిగిండు. ఏమైంది?” అనేది లచ్చవ్వ.

‘ఇంకా పూరాగ మేల్కొననే లేదత్తా’ అన్న మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చి, లోపలికే పోయేది.

మొదటి సమావేశం కంపౌండు వెనక గదిలో జరిగింది. ఆ గదికి గ్రాంటులోంచి కిరాయి ఇవ్వాలని ఒక తీర్మానం చేశారు. కిరాయి సక్రమంగా అందుతోందో లేదో నిఘా పెట్టాలని ఇంకో తీర్మానం చేశారు. అప్పుడు స్వరాజ్యలక్ష్మి కొంగు నిండా కప్పుకుని లేచింది.

“నర్సయ్య కాకా, మా పోరనికి పగటీలి కల్లు తాపుతున్రు. పిలిస్తే పలుకుతలేడు. అండ్ల మందు ఏస్తున్నరట గదా. పోరగాండ్లకు పొయ్యొద్దని మనం ఒక్క మాట రాస్తే...”

అధ్యక్షుడు కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

“బిడ్డ మంచి ముచ్చట లేవట్టింది. మందు! పత్తికి కొట్టేది మందే. దగ్గుకు తాగేది మందే. మొగన్ని కొంగుకు కట్టుకోవాలంటే ఆడోళ్లు పెట్టేది గూడ మందే. అన్నీ బందు వెడితే లోకం నడుస్తదా? సర్కారు కాయితంల కల్లు అని ఉన్నదా? లేదు. ఉత్త మందు అని ఉన్నదా? లేదు. మత్తుమందు అని ఉన్నది. సర్కారుకు మనకంటే తక్కువ తెల్సా? గా మాట ఏడ రాసుంటే గాడ పట్టాలె. రాయని కాడ పట్టుడు చట్టానికి ఎదురువోవుడే!”

చప్పట్లు మోగాయి. ఎవరో పొరపాటున స్వరాజ్యలక్ష్మిని కూడా మెచ్చుకున్నారు.

గా మాట ఏడ రాసుందో కనిపెట్టే బాధ్యత దేవరాజు నెత్తిన పడింది. ఆయన గోడగోడా చదువుకుంటూ వెళ్లి, మధ్యాహ్నానికల్లా కనిపెట్టేశాడు. గల్లీ దవాఖానలో ఒక తలుపు మీద ఎర్రటి అక్షరాలతో ‘మత్తుమందు గది’ అని బహిరంగంగా రాసి ఉంది. ఇంత బరితెగింపు తన సర్వీసులో చూడలేదన్నాడు. పైగా ప్రతి మంగళవారం ఒకాయన ఆ గదికి వచ్చిపోతున్నాడని, జనం ఆయనను సిగ్గు లేకుండా ‘మత్తు డాక్టరు’ అని పిలుస్తున్నారని తెలిసి కమిటీ నోరు వెళ్లబెట్టింది.

దాడికి బ్యాండు మేళం పెట్టారు. బడిపిల్లలను, బడి వయసు రానివాళ్లను కూడా ముందు నడిపించారు. ఎండకు సొమ్మసిల్లిన పిల్లలను మోసుకొచ్చి కల్లు కంపౌండు నీడలో పడుకోబెట్టారు. ఆ నీడను బాలల రక్షణ కింద చూపారు. దవాఖాన గుమ్మంలో కాంపౌండరు నిస్సార్ అడ్డం నిలబడ్డాడు.

“సాబ్, గిది కోతకు, కుట్లకు ఇచ్చే మందు. నొప్పి తెల్వకుంట.”

“ఎవలకిస్తవ్?” అన్నాడు అధ్యక్షుడు.

“ఎవలకు అవసరమైతే వాళ్లకు.”

“పిల్లలకు గూడనా?”

“పిల్లలకు గూడ, సాబ్.”

“దేవరాజూ, రాస్కో. ఒప్పుకున్నడు.”

స్వరాజ్యలక్ష్మి ఆ వేళ ఎండదెబ్బ తగిలిన కొడుకు మొహాన నీళ్లు చల్లుతోంది. జప్తు కాగితం ముందు పెడితే, చదవకుండా సంతకం చేసింది. కమిటీలో చదువుకున్నవాళ్లు ఉండటంలోని సౌలభ్యం అదే.

పట్టుకున్న సరుకును భద్రత కోసం కంపౌండులోనే ఉంచారు. ఆ వారం కల్లు మునుపెన్నడూ లేనంత బాగా ఎక్కుతోందని నారాయణరావుపేట నుంచి కూడా గిరాకీ వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని అనేవాళ్లు గల్లీలో లేరు. అనుకునేవాళ్లు మాత్రం ఇంకో సీసా అడిగారు.

తర్వాత పై ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాడు. బీడీ ఆకు కత్తిరించే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. “ఇంతమంది పిల్లలుండి, ఒక్క ఏడుపు వినబడట్లేదు. బాలల రక్షణ అంటే ఇది” అని ఆయన చలించిపోయాడు. ఆ సంతోషంలో గల్లీ నడుమ ఒక రేకు బోర్డు పెట్టించమన్నాడు. ‘బాలలను రక్షించండి’ అని రాసిన ఆ బోర్డును బాలలకు బాగా కనబడాలని వాళ్ల ఎత్తులోనే పాతారు. దాని అంచులు మడవడానికి నిధులు చాలలేదు.

ఆ బోర్డే కొమురేశును కోసింది. పగటి కల్లు తాగి పడుకున్నవాడు సగం మత్తులో లేచి, అమ్మ కోసం తూలుతూ వచ్చి, రేకు అంచుకు నుదురు కొట్టుకున్నాడు. స్వరాజ్యలక్ష్మి గాయానికి కొంగు అదిమి, వాణ్ని ఎత్తుకుని దవాఖానకు ఉరికింది.

“కుట్లు వడతయి” అన్నాడు నిస్సార్.

“నొప్పి తెల్వకుంట సూది ఇయ్యి, భాయి.”

“ఏడికెల్లి తేవాలె, సెల్లె? మీ కమిటీ ఎత్కపాయె. నీ సంతకం గూడ ఉన్నది.”

ఆమె కొడుకును అక్కడే పడుకోబెట్టి కంపౌండుకు పరుగెత్తింది. వెంకటనర్సయ్య శాంతంగా విన్నాడు. జప్తు సొత్తు ఇవ్వాలంటే తీర్మానం కావాలన్నాడు, తీర్మానానికి కోరం కావాలన్నాడు, కోరంలో ఒకడైన దేవరాజు తనిఖీ ముగించి బల్ల మీదనే గుర్రు పెడుతున్నాడన్నాడు.

“కాకా, సూది లేకుంటే పోరడు తట్టుకోడు.”

ఆయన మనసు కరిగింది. ఒక సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. “పైసలొద్దు, బిడ్డా. గింత తాపు, కుట్టు కుట్టినట్టే తెల్వది. గిది మత్తుమందు కాదు గదా, ఏ పరేషాన్ లేదు.”

ఆమె సీసా పట్టుకుని తిరిగి వచ్చింది. లచ్చవ్వ అప్పటికే వచ్చి మనుమడి పక్కన ఏడుస్తోంది. “సూస్తవేందే, పొయ్యి!” అంది. నిస్సార్ దారం ఎక్కించిన సూదితో నిలబడ్డాడు. కొమురేశు కళ్లు మళ్లీ మూతపడుతున్నాయి. స్వరాజ్యలక్ష్మి అలవాటు కొద్దీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అప్పుడు లేచి, గడప దాటి, సీసాను మురుగు మోరీలో బోర్లించింది.

“గట్టిగ పట్టుకో, అత్తా. కుట్టు, భాయి.”

మొదటి కుట్టుకు కొమురేశు కేక పెట్టాడు. అటువంటి కేకను ఆ వేళప్పుడు చింతలగల్లీ విని చాలా కాలమైంది. రెండో కుట్టుకు బూతు తిట్టాడు. వాడికి బూతులు వచ్చని తల్లికి అప్పుడే తెలిసింది. బీడీ చేటలు వదిలి ఆడవాళ్లు దవాఖాన ముందుకు వచ్చారు.

“ఎవల పోరడే, గంత లొల్లి?”

“గింత కల్లు వొయ్యరాదా? తల్లివా, రాక్షసివా?”

స్వరాజ్యలక్ష్మికి ఆ మాటలు సరిగ్గా వినబడలేదు. కొడుకు అరుస్తున్నాడు, గింజుకుంటున్నాడు, ఆమె చెయ్యి కొరుకుతున్నాడు. ఇన్నాళ్లకు మొదటిసారి, వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని ఆమె వేలు పెట్టి చూడలేదు.

నిఘా కమిటీ మర్నాడే అత్యవసరంగా కూడింది. ఈసారి కోరం నిండుగా ఉంది. చేతిలో కల్లు సీసా ఉండి కూడా కన్నకొడుకును నలుగురి ముందు ఏడిపించినందుకు స్వరాజ్యలక్ష్మిని సభ్యత్వం నుంచి తొలగించారు. గ్రాంటు వచ్చినప్పటి నుంచి బాలల రక్షణ కింద నమోదైన కేసు అదొక్కటే. దానికి ఆధారంగా పంపిన ఫిర్యాదు వెనక గల్లీ మొత్తం నిలబడింది. చదువు రానివాళ్లు వేలిముద్ర వేశారు, వచ్చినవాళ్లు చదవకుండా సంతకం చేశారు.

కాగితం అడుగున ఇంకా కొంచెం జాగ మిగిలింది. మీకు కూడా పగటిపూట పిల్లల ఏడుపు గిట్టకపోతే, అది మీకోసమే వదిలారు.