రెండు డిస్కుల్లో అసిరయ్య

మనిషన్నవాడు లోకంలో ఒక్కసారి మాత్రమే ఉండవలెనన్నది పరిపాలనకు మూలసూత్రం. ఈ సూత్రాన్ని ఉల్లంఘించి, రాజాం దగ్గర అసిరయ్య అనే రైతు రెండుసార్లు ఉన్నట్టు మొన్న డిసెంబరులో బయటపడింది. పాపం, ఆ సంగతి ఆయనకే తెలీదు.

ఆయనకి తెలిసిందల్లా కళ్లంలో ధాన్యం రాశిపోసి ఉందని, మబ్బు పట్టిందని, టోకెను లేనిదే మిల్లువాళ్లు లారీ పంపరని. అందుకే పొద్దున్నే రాజాంలోని ధాన్యం టోకెన్ల కేంద్రానికి వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"అమ్మా, నా టోకెను ఏటైనాది?"

"ఇప్పుడవదు తాతా. కంప్యూటర్లో రెండో ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తన్నాం," అంది ఆపరేటరు షాలిని.

"మొదటిది పాడైపోనాదేటి?"

"లేదు, బాగానే ఉన్నాది."

"మరి రెండోది దేనికమ్మా?"

మంచి ప్రశ్నే. టోకెన్లు ఇకపై కొత్త సిస్టంలోనే తీయాలని ఉత్తర్వు. కాటా యంత్రమేమో పాతదాని మాట తప్ప వినదు. కనుక ఒకే కంప్యూటర్లో రెండూ కాపురం చేయాలి.

ఆ కంప్యూటరుకి డిస్కులు రెండు. ఒకదాంట్లో ఏది రాసినా రెండోదీ అదే రాసుకుంటుంది. ఒకటి చచ్చినా ఒకటి మిగులుతుందని ఈ ఏర్పాటు. దీన్ని రెయిడ్ అంటారు. (ఒకే పనికి ఇద్దరుండటం ఆఫీసుకి కొత్త కాదు. ఇద్దరూ పని చేయడమే కొత్త.) పాత సిస్టం ఈ జంటని ఒక్క డిస్కుగానే చూపించేది. కొత్తదానికి ఆ సంగతి తెలియాలంటే డ్రైవరనే చిన్న ప్రోగ్రాము పెట్టాలి. దానికి వేరే అనుమతి కావాలి గనుక పెట్టలేదు.

మధ్యాహ్నానికి కొత్త సిస్టం కళ్లు తెరిచింది. డిస్కులు రెండుగా కనబడ్డాయి. రెండింట్లోనూ అవే పేర్లు, అవే పొలాలు, అవే ఫోను నంబర్లు.

ద్వంద్వ నమోదుల నివారణాధికారి మురళీమోహన్ గారు వచ్చి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ప్రతి రైతూ రెండుసార్లున్నాడు! నా సర్వీసులో ఇంత మోసం చూడలేదు."

"అది మోసం కాదు సార్. పెట్టినోళ్లే అలా పెట్టినారు," అంది షాలిని.

"ఎవరు పెట్టినా మోసం మోసమే," అని ఆయన అసిరయ్యని లోపలికి పిలిపించారు. "నువ్వు ఎంతమందివి?"

"నానొక్కడ్నే బాబూ."

"అదే రాసివ్వు."

రాసిచ్చాడు. (రెండు ప్రతుల్లో.)

ఇంతలో కళ్లం నుంచి భార్య లక్ష్మణమ్మ ఫోను. "ఏటయ్యా, ఇంకా రాలేదేటి? సినుకులు పడతన్నాయి. టార్పాలిను సగానికే సరిపోనాది."

"ఉండవే! నాను ఇద్దరున్నానట. ఒకడ్ని తీసేస్తన్నారు."

"తియ్యొద్దని సెప్పు. ఇద్దరూ వస్తే రాశి లోపలికి మోసుకుందాం."

ఆ సూచనని ఎవరూ పరిశీలించలేదు. మురళీమోహన్ గారు బాగా ఆలోచించి, మొదటి డిస్కులోవాళ్లు అసలు రైతులని, రెండో డిస్కులోవాళ్లు నకిలీలని ప్రకటించి, నకిలీలందర్నీ తుడిపించారు. పైనుంచి అభినందన కూడా వచ్చింది.

సాయంత్రం కాటా కోసం పాత సిస్టం తెరిచారు. రెండు డిస్కులూ ఒకేలా ఉండాలన్నది దాని ధర్మం. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా కనబడేసరికి అది కంగారుపడి, దేన్ని చూసి దేన్ని సరిచేయమంటారని అడిగింది.

"నియమావళి ప్రకారం చివరగా మారినదే చెల్లుతుంది," అని మురళీమోహన్ గారు ఖాళీదాన్ని ఎంచి, నొక్కేశారు.

"సార్!" అంది షాలిని. అప్పటికే రెండు డిస్కులూ సమానమైపోతున్నాయి.

విషయం విన్న అసిరయ్యకి కడుపు మండిపోయింది. "ఇద్దరున్నానన్నారు కదేటి! ఒకడ్ని తీస్తే ఒకడుండాల కదా! నా ఏడాది కష్టం కళ్లంలో తడిసిపోతన్నాది బాబూ!"

"ఆవేశపడకు. మళ్లీ దరఖాస్తు పెట్టుకో. పంటని కళ్లారా చూసి నమోదు చేస్తాం," అన్నారు మురళీమోహన్ గారు.

అన్నట్టే, వాన వెలిశాక కళ్లానికి వచ్చారు. టార్పాలిను కప్పిన మేర ధాన్యం ఉంది. కప్పని మేర పచ్చగా మొలకలొచ్చాయి. లక్ష్మణమ్మ ఏడుస్తూ మొలకల్ని గుప్పిట పట్టి చూపించింది. ఆయన రాశి చుట్టూ తిరిగి, ఒకే కళ్లంలో ఒకే రైతుకి రెండు పంటలు కనబడుతున్నాయని రాసుకున్నారు. తర్వాత నియమావళి ప్రకారం చివరగా వచ్చినదాన్ని ఉంచి, ధాన్యాన్ని పుస్తకంలోంచి కొట్టేశారు.