డీజిలు ఇంజన్ పునరుద్ధరణ మహోత్సవం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పెనుకొండ దగ్గర మీటర్ గేజి కాలపు పట్టాల ముక్క మీద తుప్పు పట్టి పడివున్న పాత డీజిలు ఇంజన్ పునరుద్ధరణ దిగ్విజయంగా ముగిసింది. ఇంత ఘనకార్యం జరిగినా ఒక్క మనిషి మాత్రం సంతోషంగా లేడు. ఆయన పేరు మార్కండేయులు. ఉద్యోగంలో చాలా ఏళ్లు ఆ ఇంజన్‌ను నడిపినవాడు కాబట్టి దాని విషయంలో ఆయన అభిప్రాయం అవసరమని వారసత్వ రైలు సంఘానికి తోచలేదు.

మార్కండేయులుది ధర్మవరం. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య నీలావతి ఒక కోరిక కోరింది. చీర కాదు. ధర్మవరంలో చీరలకేం కొదవ? "నువ్వు నడిపే ఇంజన్లో నీ పక్కన కూర్చోని ఒక్కసారి పోవల్లయ్యా" అంది. రూల్సు ఒప్పుకోవు. "రిటైరైనాక చూద్దాంలే" అన్నాడాయన. రిటైరైనవాడికి ఇంజన్ ఎవరిస్తారన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆయన రిటైరయ్యాడు, ఆయన కంటే ముందే ఇంజన్ రిటైరైంది. ఇప్పుడు నీలావతి మోకాళ్లు కూడా అదే దారిలో ఉన్నాయి. ఇంకొన్నాళ్లు పోతే ఆమె ఇంజన్ మెట్లు ఎక్కలేదు. అందుకే ఇంజన్ బాగుచేయాలని సంఘం వాళ్లు కబురు పెట్టగానే మార్కండేయులు పరుగెత్తుకుని వెళ్లాడు.

సంఘానికి అధ్యక్షుడు హిందూపురం పట్టు వ్యాపారి పాండురంగయ్య. ఆయన పనిని న్యాయంగా పంచాడు. లోపలి పని ఎవరికీ కనబడదు కాబట్టి దానికి మార్కండేయులు, ట్రాక్టర్ మెకానిక్ ఓబులేసు చాలన్నాడు. బయటి పనికి మాత్రం మూడు ఊళ్ల పెద్దలూ కావలసి వచ్చింది. లోపల వీళ్లిద్దరూ పిస్టన్లు విప్పి, నూనెలో మునిగి, తిట్టుకుని, మళ్లీ బిగిస్తున్నంత కాలం బయట రంగు గురించి చర్చ నడిచింది. చివరికి ఇంజన్‌కు చిలకపచ్చ ఒళ్లు, ఎర్రంచు వేశారు. ధర్మవరం వాళ్లు జరీ అంచు లేకపోతే మీటింగుకు రామన్నారు కాబట్టి దాని కింద బంగారు గీత కూడా పడింది. కుడివైపు హిందూపురం పేరు, ఎడమవైపు ధర్మవరం పేరు రాశారు. ఇంజన్ నిలిచిన ఊరు పెనుకొండ కాబట్టి దానికి సముచిత గౌరవంగా ఆ పేరును పైకప్పు మీద రాశారు. కొండెక్కిన వాళ్లకు అది చక్కగా కనిపిస్తుంది.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే ముహూర్తం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, ముందు అద్దానికి చూపు ఆననంత పెద్ద దండ వేశారు. మార్కండేయులు దండం పెట్టుకుని మీట నొక్కాడు. ఇంజన్ దగ్గింది, నల్లగా పొగ కక్కింది, తర్వాత గుడగుడమని అందుకుంది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓబులేసు మొహం తుడుచుకునే నెపంతో అటు తిరిగాడు.

ఇక జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి రావాలి. ఆయన దారిలో చీరల షాపులు ప్రారంభిస్తూ వస్తున్నారు. అంతవరకు ఇంజన్ ఆపేద్దామని ఓబులేసు అన్నాడు. పాండురంగయ్య నాలుక కరుచుకున్నాడు.

"ముహూర్తానికి ముట్టించినేది ఆర్పుతారా అప్పా? అఖండ దీపం మాదిరి అది."

బ్యాటరీలు పాతవి, ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో అని మార్కండేయులూ భయపడ్డాడు. అలా శాస్త్రమూ సాంకేతికమూ ఒక్కమాట మీదికి వచ్చాయి. ఇంజన్ నిలబడిన చోటే డీజిలు తాగుతూ నిలబడింది.

షామియానా కింద కూర్చున్న నీలావతి మెల్లగా లేచి వచ్చింది. "ఏమయ్యా, తిరుగుతానే ఉండాది కదా. పెద్దాయన వచ్చేలోపల ఒక్క సుట్టు పోయొద్దామా?"

మార్కండేయులు పట్టాల వైపు చూశాడు. ఖాళీగా ఉన్నాయి. వేదిక వైపు చూశాడు. అది నిండుగా ఉంది. "జెండా ఊపకముందే బండి తీస్తే ఎట్లా? పెద్దాయన రానీ" అన్నాడు. ఆమె వెళ్లి మళ్లీ కూర్చుంది.

పెద్దాయన సాయంత్రానికి వచ్చారు. ఉపన్యాసాలు పూర్తయి, ఆయన జెండా ఎత్తిన క్షణాన ఇంజన్ రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. మార్కండేయులు దిగి పరుగెత్తాడు.

"అయ్యా, ఇంజన్‌కని పీపాలో పెట్టిన డీజిలు యాడుండాది?"

"జనరేటరుకు పోసినాంలే అప్పా" అన్నాడు పాండురంగయ్య. "మైకు లేకుంటే ఇంజన్ గొప్పతనం జనాలకు ఎట్ల తెలుస్తాది?"

ఎత్తిన జెండా దించడం అశుభం. ఎవరో తాళ్లు తెచ్చారు. ఎవరో గోవిందా అన్నారు. మూడు ఊళ్ల జనం తాళ్లు పట్టుకుని లాగితే ఇంజన్ రథంలాగా కదిలింది. ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. "డీజిలుతో నడిచే ఇంజన్లు ప్రపంచమంతా ఉన్నాయి. ప్రజల ప్రేమతో నడిచే ఇంజన్ ఒక్క పెనుకొండలోనే ఉంది! పొగ లేదు, చప్పుడు లేదు, ఖర్చు లేదు!" చప్పట్లు మోగాయి. ఇంజన్ లోపల ఆ సమయంలో పెద్దలు నిండిపోయినందువల్ల నీలావతికి చోటు దొరకలేదు.

మరుసటి వారమే ఇంజన్‌లో డీజిలు పోసి నడిపిద్దామని మార్కండేయులు అడిగాడు. అది ప్రజల మనోభావాలను దెబ్బతీస్తుందని సంఘం తీర్మానించింది. పైగా లాగేవాళ్లకు బరువు ఎక్కువగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. కాబట్టి భక్తుల సౌకర్యార్థం పిస్టన్లతో సహా లోపలి యంత్రమంతా క్రేనుతో పెకలించి తుక్కుకు వేశారు. ఓబులేసు ఆ రోజు పనికి రాలేదు. మార్కండేయులుకు 'ఆస్థాన చోదకుడు' బిరుదిచ్చి శాలువా కప్పారు. ఆయన కప్పించుకున్నాడు.

ఈ ఏడాది ఉత్సవంలో ఆస్థాన చోదకుడి సతీమణి హోదాలో నీలావతికి ఇంజన్‌లో చోటు దొరికింది. ఇద్దరు పట్టుకుని ఆమెను మెట్లెక్కించారు. తాళ్లు బిగుసుకున్నాయి, బండి కదిలింది. స్పీకరులో రికార్డు చేసిన కూత వినిపించింది. ఆమె భర్త చేతివైపు చూసింది. అది ఏ తీగకూ తగిలించని మీట మీద ఉంది.

"నువ్వేనా నడిపేది?" అని అడిగింది.

అద్దంలోంచి వంగిన వీపులు తప్ప ఆయనకు ఏమీ కనబడలేదు. "ఊ" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత సిగ్గుపడ్డాడో ఆమెకు తెలుసు. అందుకే ఆమె మళ్లీ అడగలేదు.

ఇంజన్ లోపల ఇంజన్ ఏదని ఇంతవరకు బయట కూడా ఎవరూ అడగలేదు. వచ్చే ఉత్సవానికి తమరు సకుటుంబంగా విచ్చేయవలసిందిగా ప్రార్థన. తాళ్లు పొడుగ్గా ఉన్నాయి, తమరికీ చోటుంటుంది.