అన్నయ్య కాగితాలకు అద్దాల పెట్టె

మీ ఇంట్లో రచయిత ఉన్నాడా? అయితే ఆయన పోయేదాకా ఆగకండి. కాగితాలన్నీ ఇప్పుడే మూటగట్టి ఆర్కైవ్స్ వాళ్లకు అప్పగించెయ్యండి. అంతకు మించిన పుణ్యం లేదు!

మా అన్నయ్య పేరున్న రచయిత. ఆయన పోయాక వాళ్లు వ్యాను వేసుకుని వచ్చారు. చేతులకు తెల్ల గ్లౌజులు. ఆయన్ని మోసినప్పుడు కూడా ఎవరూ అంత మెత్తగా పట్టుకోలేదు! బీరువా ఖాళీ అయింది. చెదపురుగులు దిక్కులేనివయ్యాయి. కుంటి బల్ల కాలి కింద మడిచి దోపిన కాగితాన్ని కూడా వదల్లేదు. బల్ల మళ్లీ ఊగుతోంది. సాహిత్యం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేమా?

ఎన్ని లాభాలో చూడండి. ఆయన కూతురు పసితనంలో రాతప్రతి వెనకాల ఓ కాకిని గీసింది. ఇప్పుడది "రచయిత తాత్విక రేఖాచిత్రం". అన్నయ్యకు సున్నా కూడా గుండ్రంగా చుట్టడం రాదు. పోయాక చిత్రకారుడయ్యాడు! వాళ్ల జాబితాలో నాకూ చోటిచ్చారు. "తమ్ముడు. సాహిత్యంతో సంబంధం లేదు" అని. మా అమ్మ కూడా నన్నింత సూటిగా తిట్టలేదు.

మొన్న ఎగ్జిబిషన్ పెట్టారు. వదినను తీసుకెళ్లాను. జనమంతా ఒక అద్దాల పెట్టె చుట్టూ మూగారు. లోపల ఓ ఉత్తరం.

"మీరు లేక ఇల్లు ఇల్లులా లేదు. మీ అమ్మగారికి తెలియకుండా రాస్తున్నాను. చదివి చించెయ్యండి. ఇట్లు, మీ."

అంతే. పేరు లేదు. కింద అట్టముక్క మీద అచ్చు వేశారు: "రచయిత రహస్య ప్రేయసి. వివరాలు తెలియవు."

అయ్యా, అది రాసింది మా వదిన! కొత్త కాపురంలో, అన్నయ్య పొరుగూరి ఆసుపత్రిలో ఉంటే, అత్తగారి కంటపడకుండా రాసింది. మొగుడికి రాసేదానికి పేరెందుకు? చించెయ్యమంటే దాచుకున్నాడు మహానుభావుడు!

పక్కనున్న కళ్లజోడావిడ నిట్టూర్చింది. "పాపం, పెళ్లాం ఎంత కుమిలిపోయిందో!"

వదిన నా మోచెయ్యి గిల్లింది. "విన్నావటయ్యా? నాకు నన్నే సవతిని చేశారు! పోయిన మనిషికి ఈ మచ్చేమిటి? పిలు, ఆ పెద్దాఫీసరెవరో."

ఆయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు.

"అది రాసింది నేనే నాయనా. ఆ అట్ట తీసెయ్యి."

"ఆధారం ఉందా అమ్మగారూ?"

"మొగుడికి ఉత్తరం రాస్తూ సాక్షుల్ని పక్కన కూర్చోబెట్టుకుంటారా ఎవరైనా? కావాలంటే కళ్లు మూసుకుని అప్పజెబుతా, విను."

"అది చాలామందికి కంఠతా వచ్చండీ. బాగా పాపులర్! పోనీ, మీ చేతిరాత ఇవ్వండి. పోల్చి చూస్తాం."

చూశారా, ఎంత ధర్మం! ఊరికే ఎవరి మాటా నమ్మరు. కుర్చీ వేశారు, కాగితం ఇచ్చారు. వదిన చెయ్యి కొన్నేళ్లుగా వణుకుతోంది. అయినా పట్టుబట్టి రాసింది. మీరు లేక ఇల్లు ఇల్లులా లేదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది.

ఆఫీసరు భూతద్దం పెట్టి అటూ ఇటూ చూశాడు.

"కలవలేదమ్మా. ఆ అమ్మాయివి ముత్యాల్లాంటి అక్షరాలు."

"ఆ అమ్మాయి ముసలిదైంది నాయనా."

ఆయన ఎంతో గౌరవంగా నవ్వాడు. "అయినా చాలా సంతోషమండీ. రచయితగారి భార్య చేతిరాత మా దగ్గర ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. ఇకమీదట ఎవరికి ఏ అనుమానం వచ్చినా దీంతోనే పోల్చుకుంటారు." ఆ కాగితాన్ని కవర్లో పెట్టి, నంబరు వేసి, లోపలికి పంపించాడు.

ఇంత పద్ధతి ఇంకెక్కడైనా ఉందా, చెప్పండి! అట్ట మార్పించడానికి వెళ్లిన మా వదిన, ఆ ఉత్తరం తనది కాదని తన చేత్తోనే రాసిచ్చి వచ్చింది.