ఒక్క అక్షరం జబ్బు

సెలవు పెట్టిన ఆ సోమవారం పొద్దున వాల్దిర్ వేసుకున్న పథకం చిన్నదే. జపానులోని హమామత్సులో తనలాంటి బ్రెజిలువాళ్లు ఉండే పేటకు దూరంగా ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లాలి. ఆరోగ్య బీమా కార్డు చూపించి, మొలలకు మందు తీసుకుని, మూడో కంటికి తెలియకుండా ఇంటికి చేరాలి.

జపాను భాషలో మొలల్ని 'జి' అంటారని దారంతా వల్లె వేసుకున్నాడు. అక్షరాన్ని కూడా 'జి' అనే అంటారన్న సంగతి అతనికి తట్టలేదు. కౌంటరు దగ్గర తల వంచుకుని, "జితో ఇబ్బందిగా ఉందండీ," అని గొణిగాడు.

కౌంటరులో ఉన్న ఓగురా అనే ఆవిడ జాలిపడింది. చదవడం రాకపోతే సిగ్గుపడనక్కరలేదని చెప్పి, కూర్చోమంది. కూర్చోలేనన్నాడు. మొహమాటం కాబోలనుకుని ఆవిడ మెత్తటి కుర్చీ తెప్పించింది. పక్కనున్న ముసలాయన ఒకాయన, తాను డెబ్బయ్యోపడిలో ఇంగ్లీషు నేర్చుకున్నానని, పట్టుదల ఉంటే అక్షరాలు ఎంతసేపని ధైర్యం చెప్పాడు. వాల్దిర్ చెవులు ఎర్రబడ్డాయి. ఇక గత్యంతరం లేక చేత్తో తన వెనక్కి చూపించాడు. అటువైపు మరుగుదొడ్డి ఉంది. అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. వెళ్లక తప్పలేదు.

తిరిగొచ్చేసరికి ఓగురా, నగరపాలక సంస్థ దుబాసీకి ఫోను కలిపి స్పీకరు పెట్టి ఉంచింది. అందులోంచి పోర్చుగీసులో పలకరించిన గొంతును వినగానే అతను గుర్తుపట్టాడు. అది జుల్మీరా గారిది. ఆవిడ కూతురు ఇవోనెనే అతను పెళ్లాడబోతున్నాడు.

గొంతు మార్చి, మొలలు తనకు కాదు, స్నేహితుడికన్నాడు. జుల్మీరా ఉన్నదున్నట్టు జపానులో చెప్పింది. ఓగురా ముఖం బిగుసుకుంది. ఒకరి జబ్బుకు ఇంకొకరి కార్డు చెల్లదంటూ, దాని మీద ఉన్న పేరు పైకి చదివింది. ఆ పేరు ఫోనులో జుల్మీరా చెవిన పడింది.

"వాల్దిర్, నువ్వేనా నాయనా?"

"నేనే అత్తయ్యగారూ. జబ్బు కూడా నాదే."

"ఆదివారం భోజనాలకు రాకుండా తప్పించుకు తిరుగుతున్నది ఇందుకా?"

"కూర్చోలేక."

"అయ్యో, నీకు మనసు మారిందనుకున్నాం. ఇవోనె ఉంగరం తీసి గూట్లో పడేసింది. నిన్న ఇంటిల్లిపాదీ నిన్ను తిట్టని తిట్టు లేదు."

ఆ సంతోషంలో జుల్మీరా అతని బాధ యావత్తూ హాలు చివరికి వినబడేలా జపానులో విడమరచి చెప్పింది. ముసలాయన లేచి, వంగి క్షమాపణ చెప్పి, తన వంతు అతనికి ఇచ్చేశాడు. వాల్దిర్ నేల చూపులు చూస్తూనే డాక్టరు గదిలోకి వెళ్లాడు.

తరువాతి ఆదివారం జుల్మీరా గారింట, ఉంగరం తొడుక్కున్న ఇవోనె పక్కన, అంతమంది చుట్టాల మధ్య కాబోయే అల్లుడొక్కడే నిలబడి భోంచేశాడు. ఎందుకని అడగవలసిన అవసరం ఒక్కరికీ రాలేదు.