మూతోద్ఘాటన విజయం

ప్రచండ భానుడు ఎదుటి మేడ మీది నీళ్లట్యాంకు వెనక్కి ఒరుగుతున్న ఆదివారపు అపరాహ్ణమున, మూడో అంతస్తులో, గాలి చొరబడని వంటింటి ద్వారసీమలో, కొంగు బిగించి, గరిట ధరించి, గోడగడియారం మీద నిశ్చలదృష్టి నిలిపి నిలుచున్న ఆ వీరవనిత ఎవరని అడుగుతారా? ఇంటింటికీ వెళ్లి నలుగురిని కూర్చోబెట్టి, వండి చూపించి, తినిపించి, ఆ మీదట పాత్రలు కొనిపించే సంస్థలో కొత్తగా చేరిన ప్రదర్శకురాలు. ఇల్లు మాత్రం ఆమెది కాదు, భర్తకు అక్కగారైన వదినది.

ఆమె అంతకుముందు రెండు యుద్ధాలు చేసి రెండింటా ఓడిపోయింది. ప్రథమ సమరంలో అతిథులు గంట ఆలస్యంగా విచ్చేయగా, ఓవెన్ లేకుండా పొయ్యి మీదే కేకు వండుతుందని కీర్తి గన్న ఆ మహాపాత్ర బొగ్గును ప్రసవించింది. ద్వితీయ సమరంలో అతిథులు అరగంట ముందే దండెత్తి వచ్చి, ఏనాడూ అడుగంటదని సంస్థ ప్రమాణం చేసిన ఆ పాత్రనే ఆమె చెమటలు కక్కుతూ ఇనపపీచుతో తోముతుండగా కళ్లారా తిలకించారు. ఈసారి కూడా ఒక్క వస్తువూ అమ్ముడుపోకపోతే పాత్రలన్నీ తిరిగి అప్పగించమని సంస్థ నుంచి తాఖీదు వచ్చింది. పాత్రలు పోతే పోనీ, ‘నే ముందే చెప్పలేదా’ అనే మాటను నాలుక చివర పెట్టుకుని ఇంట్లో భర్త కాచుకుని ఉన్నాడు. ఆ మాట పడటం కంటే రణరంగంలో నేలకొరగడమే మేలని ఆమె నిశ్చయించుకుంది.

ఈ యుద్ధం మర్మమంతా మూతలో ఉంది. పొయ్యి మీద పెట్టిన సరిగ్గా ఇరవై అయిదో నిమిషాన, అందరి కళ్లెదుటా మూత తీయాలి. అయిదు నిమిషాలు ముందైతే పచ్చిపిండి, అయిదు నిమిషాలు దాటితే బొగ్గు. ఆ నిమిషాన ఎగసే పరిమళధూమమే సంస్థవారి అమోఘాస్త్రం. కాని ఎంతటి అస్త్రమైనా ఎదుట మనిషి లేకుండా ఎవరి మీద ప్రయోగిస్తారు?

అందుచేత ఆమె వారం ముందే వదినను కూర్చోబెట్టి, రాబోయే ముగ్గురి గుట్టూ రాబట్టింది. పక్కవీధి లెక్కల టీచరు ఎక్కడికైనా ఇరవై నిమిషాలు ముందే వెళ్లి కూర్చుంటుంది. కింది వాటా పిన్నిగారు, తన కంటే ముందు ఎవరైనా వెళ్లారో లేదో కిటికీలోంచి చూసుకుని అరగంట తర్వాత కదులుతుంది. బట్టలు కుట్టే టైలరమ్మ చెప్పిన వేళకు గంట తర్వాత గాని గడప దాటదు. మూత తీసే ముహూర్తం నాలుగున్నర. కనుక ఆ కాలకోవిద టీచరుకు అయిదుకి పది తక్కువనీ, పిన్నిగారికి నాలుగనీ, టైలరమ్మకు మూడున్నరనీ చెప్పించి, నాలుగూ అయిదుకు పొయ్యి వెలిగించింది.

లెక్కలో తప్పేమీ లేదు. నాలుగూ ఇరవై దాటగానే ముగ్గురూ వచ్చారు. వచ్చి, ఒక్కసారిగా రావడం వల్లనే, మెట్ల మలుపులో ఒకరికొకరు ఎదురుపడ్డారు. ఎదురుపడ్డ ఆడవాళ్లు ఒకరినొకరు మొదట అడిగేది ‘నీకెన్నింటికి చెప్పారు’ అనే అని ఆ మహావ్యూహకర్తకు తోచకపోవడమే విధివిలాసం.

సంగతి చూసిరావడానికి వెళ్లిన వదిన పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చింది. ముగ్గురూ మెట్ల మీదే బైఠాయించారట. పనీపాటా లేనిదాన్ననేగా నన్ను అందరికంటే ముందు రమ్మన్నారు అని టైలరమ్మా, అంతా అయ్యాక గిన్నెలు చూడ్డానికి నన్ను పిలిచారా అని టీచరూ, మధ్యలో ఎవరికీ కాకుండా పోయానని పిన్నిగారూ మండిపడుతున్నారట. తన పరువు తీశావని వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పొయ్యి మీద పాత్ర గుసగుసలాడింది. నాలుగూ ఇరవై ఏడు. ఆ ధీరురాలు గరిట విడవకుండానే మెట్ల మీదికి ఉరికింది. సంస్థవారు బట్టీ పట్టించిన తీయని పలుకు ఒక్కటీ గుర్తు రాలేదు.

“అవునండీ, అబద్ధమే చెప్పాను. మూడున్నరంటే గాని టైలరమ్మగారు నాలుగున్నరకి రారు. పిన్నిగారు అరగంట ఆలస్యం. టీచరుగారు ఇరవై నిమిషాలు ముందు. ఇవన్నీ మా వదినే చెప్పింది. లోపల కేకు ఇంకో మూడు నిమిషాల్లో మూత తీయకపోతే మాడిపోతుంది. నన్ను తిట్టాలంటే లోపలికొచ్చి, కూర్చుని తిట్టండి.”

వెనక వదిన గోడలో కలిసిపోవడానికి ప్రయత్నించింది. టీచరు చేతిగడియారం చూసుకుని, పెదవులు కదుపుతూ వేళ్ల మీద ఏవో కూడి, తీసివేసింది.

“లెక్క సరిగ్గానే ఉంది,” అని లేచి లోపలికి నడిచింది.

ఆమె వెళ్లాక మెట్ల మీద మిగిలితే ఆలస్యగత్తెలన్న అపవాదు నిజం చేసినట్లవుతుందని తక్కిన ఇద్దరికీ ఏకకాలంలో స్ఫురించింది. పిన్నిగారూ టైలరమ్మా భుజాలు రాసుకుంటూ గడప దాటారు. ముగ్గురూ కుర్చీల్లో కూలబడ్డారో లేదో ముల్లు నాలుగున్నర మీదికి చేరింది. మూత లేచింది. దానితోపాటు ధూమం లేచింది. బంగారువన్నెతో, పగులు లేక, మరక లేక, కేకు వెలిసింది. తిట్టడానికి తెరిచిన నోళ్లు తినడానికి పనికివచ్చాయి.

రజను కూడా మిగలకుండా ఆరగించాక పాత్రల పుస్తకం చేతులు మారింది. ఇంట్లో గిన్నెలు సర్దడానికే చోటు లేదంది టీచరు. మా ఆయన్ని అడిగి చెబుతానంది పిన్నిగారు. అప్పుడు టైలరమ్మ, సంస్థ వేడినిరోధక హస్తకవచమనీ, లోకం మసిగుడ్డ అనీ పిలిచే రెండు జానల గుడ్డముక్కను పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, అంచు లాగి చూసింది.

“ఇదేం కుట్టు? రెండ్రోజుల్లో ఊడొస్తుంది. ఇది నాకు రాసుకో, తీసుకెళ్లి నేనే మళ్లీ కుట్టుకుంటాను.”

ఆ విధంగా, మహాపాత్రలన్నీ యథాస్థానంలో ఉండగా, కేకు సర్వనాశనమై ఉండగా, వదిన ఇంకా మూతి ముడుచుకునే ఉండగా, ఆ అపరాజిత అమ్మకాల పత్రం మీద ‘మసిగుడ్డ, ఒకటి’ అని లిఖించి, కింద రెండు గీతలు గీసి, దిగ్విజయాన్ని దిక్కులకు చాటింది.