జెనీవా చేరిన నీలం తలుపు

రాయదుర్గం మొదటి యూనిట్‌లో మానవ హక్కులు సోమవారం ఉదయం పది గంటలకు మొదలవుతాయనీ, పదకొండున్నరకు ముగుస్తాయనీ జీన్స్ యూనిట్ల యజమానుల సంఘం కార్యదర్శి చిన్నప్ప పత్రికల వారికి ప్రకటించాడు. పత్రికల వారంటే ఇద్దరు. ఒకాయన టీ తాగుతున్నాడు, రెండో ఆయన ఆ టీ కోసమే వచ్చాడు. పక్కనే ఆటోలో కూర్చుని వింటున్న మారెప్పకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఇంత పెద్ద కార్యం తమ ఊళ్లో జరగడం, దానికి బాడుగ ఆటో తనదే కావడం చిన్న సంగతా మరి.

"అమెరికా వాళ్లు సుంకం పెంచినారు. పెంచుకోనీలే," అని చిన్నప్ప ముందుగా అమెరికాను క్షమించాడు. "మనం యూరప్‌కు అమ్ముతాం. అయితే వాళ్లకు ప్యాంటుతో పాటు మానవ హక్కులు గూడా కావల్లంట. జిప్పు లేని ప్యాంటు ఎట్ల తీసుకోరో, హక్కులు లేని ప్యాంటు గూడా అట్లే తీసుకోరు."

"ఆరు యూనిట్లు ఉండాయి గదన్నా. ఆరింటికీ హక్కులు యాడనుంచి తెస్తావు?" అని టీ తాగుతున్న విలేకరి అడిగాడు.

చిన్నప్ప జాలిగా నవ్వాడు. "బహుపాక్షిక విధానమని దినామూ మీరే రాస్తారు, మీరే చదవరు. దేశాలన్నీ కలిసి ఒకటి పెట్టుకొని అందరూ వాడుకునేదే బహుపాక్షికం. తనిఖీకి వచ్చేవాళ్లు ఒకసారికి ఒక యూనిట్‌నే గదప్పా చూసేది? ఒక్క సెట్టు చాలు."

ఆ సెట్టు అప్పటికే ఆటోలో ఉంది. మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి, మందుల పెట్టె ఒకటి, ఫిర్యాదులు ముందే రాసి వేసిన ఫిర్యాదుల పెట్టె ఒకటి, మరుగుదొడ్డి తలుపు ఒకటి. తలుపు నీలం రంగు ఫైబరుది. లోపల మెరిసే గడియ. పైకి ఎత్తితే ఊడివచ్చే మడతబందులు పెట్టించింది చిన్నప్పే. ఆరు యూనిట్లలోనూ మరుగుదొడ్డి ఉంది, మూడు గోడలున్నాయి, ద్వారబంధం కూడా ఉంది. తలుపు ఒక్కటే లేదు. తలుపంటూ పెడితే ఆడవాళ్లు లోపలికి పోయి కూర్చుంటారనీ, ప్రొడక్షన్ పడిపోతుందనీ యజమానులు దూరం ఆలోచించారు.

మారెప్ప పెళ్లాం జయంతి ఆరింట్లో మొదటిదైన గ్లోబల్ గంగమ్మ గార్మెంట్స్‌లో జిప్పులు కుడుతుంది. పొద్దున ఎనిమిదికి పోతే సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరుతుంది. మధ్యలో గుక్కెడు నీళ్లు తాగదు. అక్కడ పనిచేసే ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లలో ఎవరూ తాగరు. అందుకని ఆ యూనిట్‌లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ సీలు తియ్యకుండా వారాల తరబడి ఉంటుంది. రెండు నెలల కిందట జయంతికి మిషన్ మీదే నడుము పట్టుకుపోతే మారెప్ప ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. మూత్రపిండంలో రాళ్లన్నారు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని డాక్టరు చీటీ రాసిచ్చాడు.

"తాగి యాడికి పోవల్ల సార్?" అని అడిగింది జయంతి.

అది తన విభాగం కిందికి రాదన్నాడు డాక్టరు.

ఆ చీటీ మారెప్ప చొక్కా జేబులోనే ఉంది. విలేకరులు వెళ్లాక ధైర్యం చేసి బయటికి తీశాడు. "అన్నా, తలుపు మా ఆడదాని యూనిట్‌లో నాలుగు దినాలు ఉండనియ్యన్నా. ఈసారి రాళ్లు పెద్దవైతే కోసి తియ్యల్లంట."

చిన్నప్ప చీటీని రెండు వైపులా శ్రద్ధగా చూశాడు. "మారెప్పా, నీ బాధ నాకు అర్థమైతాంది. కానీ ఒక దేశం హక్కుల్ని ఇంకో దేశం పట్టుకొని కూర్చుంటే ఏమైతాది? యుద్ధాలైతాయి. పదకొండున్నరకు నువ్వు తలుపు ఎత్తల్ల. పన్నెండుకు అది రెండో యూనిట్‌లో ఉండల్ల."

ప్రపంచశాంతికి అడ్డు రావడం ఇష్టం లేక మారెప్ప చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పదింటికి తనిఖీకి యూరప్ మేడమ్ వచ్చింది. ఆమె మాటల్ని తెలుగులోకి, తెలుగును ఆమెకు నచ్చేట్టుగాను మార్చడానికి బెంగళూరు నుంచి అభిలాష్ అనే కుర్ర అధికారి వెంట వచ్చాడు. మేడమ్ నిండు క్యాన్ చూసింది. 'నీటి లభ్యత నూటికి నూరు' అని అభిలాష్ రాసుకున్నాడు. ఫిర్యాదుల పెట్టె తెరిస్తే రెండు చీటీలు వచ్చాయి. 'ఫ్యాను గాలి ఎక్కువై జలుబు చేస్తున్నది' అని ఒకటి. 'యజమాని మరీ మెత్తనివాడు, మాకు భయం లేకుండా పోతున్నది' అని రెండోది. మేడమ్ మనసు కరిగిపోయింది. నీలం తలుపు రెండుసార్లు తీసి, రెండుసార్లు వేసి, గడియ బిగించి చూసి, సంతోషంగా కొబ్బరినీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.

టైము పదకొండున్నర. మారెప్ప తలుపు ఎత్తడానికి లోపలికి వచ్చేసరికి హనుమక్క క్యాన్ సీలు పీకేసి ఉంది. హనుమక్క అందరిలోకి పెద్దది. ఇరవై ఏళ్లుగా జీన్స్ జేబులు కుడుతోంది. జయంతి రెండు గ్లాసులు గటగటా తాగి లోపలికి పోయి గడియ పెట్టుకుంది. తలుపు ముందు హనుమక్క చెప్పు ఉంది. దాని వెనక ఇంకో చెప్పు, దాని వెనక ఇంకోటి. మొత్తం ముప్పై ఏడు చెప్పులు, ఒక్కొక్కరిది ఒక్కటి చొప్పున, కటింగ్ టేబుల్ దాకా వరుసగా ఉన్నాయి. మనుషులు మాత్రం ఎవరి మిషన్ మీద వాళ్లు కుడుతున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో నీళ్ల ట్యాంకరు వచ్చే రోజు ఎవరూ ఎండలో నిలబడరు. బిందెలు నిలబడతాయి. బిందె దొరకనివాళ్లు రాయి పెడతారు, చెప్పు పెడతారు. వరుసలో పెట్టిన వస్తువు మనిషితో సమానం. దాన్ని జరిపినవాడికి ఆ వీధిలో ఆ ఎండాకాలం చుక్క నీళ్లు పుట్టవు. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఈ చట్టం ఒక్కటి మారలేదు.

చిన్నప్ప గడియారం చూసుకుంటూ వచ్చాడు. "ఏమక్కా ఇది?"

"లైను," అంది హనుమక్క తల ఎత్తకుండా.

"తలుపు పోవల్లక్కా."

"పోనీ. ఎవరొద్దన్నారు? లైను అయినాక పోతాది."

"మారెప్పా, తలుపు ఎత్తు."

"లోపల మా ఆడమనిషి ఉండాదన్నా."

"రమ్మను మరి."

"నువ్వే పిలువన్నా. నాకు భయం."

చిన్నప్ప గొంతు సవరించుకున్నాడు. "అమ్మా జయంతీ, దేశం పరువు నీ చేతుల్లో ఉండాది."

"నా చేతుల్లో గడియ ఉండాదన్నా," అంది లోపలి నుంచి జయంతి. "మూడేండ్లకు దొరికింది. కాసేపు ఉండనీ."

చిన్నప్ప కాలు ఎత్తాడు. ఒక్క తన్ను తంతే ముప్పై ఏడు చెప్పులూ చెల్లాచెదురయ్యేవే. కానీ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆయన తల్లి బిందె కూడా ఈ ఆడవాళ్ల బిందెల వరుసలోనే నిలబడుతుంది కదా. కాలు మెల్లగా దించి, చుట్టూ చూసి, తన కుడికాలి తోలు చెప్పు విడిచి, వరుస చివర పెట్టి, దాని పక్కనే నిలబడ్డాడు. ఆడవాళ్లకు మిషన్లున్నాయి, ఆయనకు కుట్టడం రాదు.

పన్నెండుంపావుకు అభిలాష్ ఫోన్ చేశాడు. "సార్, సెకండ్ యూనిట్‌లో డోర్ లేదు సార్."

"చర్చలు జరుగుతాండాయి సార్. సానుకూల వాతావరణం ఉండాది," అన్నాడు చిన్నప్ప. అప్పటికి వరుస తొమ్మిది చెప్పులు మాత్రమే కదిలింది.

ఒంటిగంటకు మేడమే తిరిగి వచ్చింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి దుమ్ముతో నిలబడ్డ కార్యదర్శిని చూసి, ఈయన ఏం చేస్తున్నాడని అడిగింది.

"లైన్లో ఉండా," అన్నాడు చిన్నప్ప. ఆ రోజంతా ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

అభిలాష్ ఏమని అనువదించాడో కానీ మేడమ్ కళ్లు చెమర్చాయి. యజమానుల నాయకుడు కూలి ఆడవాళ్లతో సమానంగా మరుగుదొడ్డికి వరుసలో నిలబడే దృశ్యాన్ని తన ఖండంలోనే చూడలేదంది. వంగి వంగి ఫొటోలు తీసింది. ఇలాంటి ఊళ్లో మిగిలిన యూనిట్లు చూడడం అవమానించడమే అని అయిదింటినీ చూడకుండానే పాస్ చేసేసింది.

చిన్నప్ప వెంటనే తలుపును కదిలించవద్దని ఉత్తర్వు ఇచ్చాడు. అచ్చివచ్చిన తలుపు కదా.

పంతొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. క్యాన్ రోజుకు మూడుసార్లు ఖాళీ అయింది. జయంతి ముఖం తేటపడింది. "కడుపునిండా నీళ్లు తాగి కుడతాంటే మిషన్ గూడా మెత్తగా పోతాండాది," అని ఒక సాయంత్రం ఆటోలో వస్తూ చెప్పింది. మారెప్పకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ మాట అనలేక హారన్ కొట్టాడు.

ఇరవయ్యో రోజున జెనీవా నుంచి పిలుపు వచ్చింది. వాణిజ్యం, ఆరోగ్యం, హక్కులు మూడూ కలిపి అక్కడ ఒక మహాసభ జరుగుతోంది. ఫొటో చూసి ముగ్ధులయ్యారట. చిన్నప్ప రావాలి, తలుపూ రావాలి.

"ఫొటో పంపితే చాలదా అన్నా?" అన్నాడు మారెప్ప.

"ఫొటో ఈడ పెడతాం. తలుపు ఆడికి పోతాది," అన్నాడు చిన్నప్ప.

మారెప్పే దాన్ని ఎత్తాడు. పైకి ఎత్తితే ఊడివచ్చే మడతబందులే, ఊడి వచ్చింది. పూలదండ వేశారు, టెంకాయ కొట్టారు. జయంతి దగ్గరికి వచ్చి గడియను ఒకసారి అటూ ఇటూ ఆడించింది. "దీనికి నూనె వెయ్యల్లన్నా, లేకుంటే కిర్రుమంటాది. ఆ దేశంలో వాళ్లకు చెప్పు," అంది.

ఖాళీ ద్వారబంధానికి ఫ్లెక్స్ కట్టారు. వరుసలో ఒంటి చెప్పుతో నిలబడ్డ చిన్నప్ప, వెనక నీలం తలుపు, కింద 'ప్రపంచానికే ఆదర్శం' అని అక్షరాలు. గాలికి చిరగకుండా ఫ్లెక్స్ కట్టేవాడు అలవాటు ప్రకారం అక్కడక్కడా జానెడు మేర కోసి కన్నాలు పెట్టాడు. హనుమక్క లోపలికి పోయి, ఒక కన్నంలోంచి బయటికి చూసి, అట్లే తిరిగి వచ్చింది.

"బస్టాండు దాకా కనపడతాంది," అంది.

"పది దినాలు సర్దుకోండక్కా. తలుపు నాతోనే వస్తాది," అని చెప్పి చిన్నప్ప విమానం ఎక్కాడు.

తొమ్మిదోరోజు జెనీవా సభ ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం. మారెప్ప తన ఫోన్‌ను యూనిట్‌కు తెచ్చి కటింగ్ టేబుల్ మీద నిలబెట్టాడు. మిషన్లు ఆపి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. మర్నాడు తలుపు వస్తోందన్న ధీమాతో జయంతి క్యాన్ సీలు తీసి, తొమ్మిది రోజుల తరువాత మొదటిసారి ఒక గ్లాసు నిండా నీళ్లు పట్టుకుంది.

వేదిక నడుమ నీలం తలుపు నిలబడి ఉంది. చుట్టూ ఎర్ర తాడు కట్టారు, ఎవరూ ముట్టుకోకుండా. గోడలేమీ లేవు. పక్కన జీన్స్ కోటులో చిన్నప్ప, ఆయన పక్కన అభిలాష్.

"ఇది తలుపు కాదు," అన్నాడు చిన్నప్ప. "మా ఆడబిడ్డల ఆత్మగౌరవం."

అభిలాష్ అనువదించాడు. సభ లేచి నిలబడింది.

"మీ ప్రేమ చూసినాక దీన్ని వెనక్కి తీసుకుపోవడానికి నాకు మనసు రావడంలేదు. ప్రపంచ ప్రజలకు అంకితం చేస్తాండా. ఇది శాశ్వతంగా ఈడనే ఉంటాది."

చప్పట్లు మోగిపోయాయి. అలవాటుగా యూనిట్‌లో కూడా ఇద్దరు ముగ్గురు కొట్టి, మధ్యలో ఆపేశారు.

"మారెప్పా, ఆడ ఆ తలుపు తీస్తే లోపల ఏముండాది?" అని అడిగింది హనుమక్క.

మారెప్ప ఫోన్ దగ్గరికి వంగి చూశాడు. "ఏమీ లేదక్కా. రెండు పక్కలా కుర్చీలే."

జయంతి చేతిలోని గ్లాసు వైపు చూసింది. క్యాన్ దగ్గరికి వెళ్లి, మూత తీసి, చుక్క కింద పడకుండా నీళ్లు మళ్లీ అందులోకే పోసి, మూత గట్టిగా బిగించింది. తరువాత మిషన్ ముందు కూర్చుని, మిగిలిన ప్యాంటుకు జిప్పు కుట్టడం మొదలుపెట్టింది.