వెనక చక్రంలో ఉద్యోగం

దూలం చిట్టబ్బాయి పద్దెనిమిదేళ్లుగా గంధం ప్రకాశరావు గారి మోటారు సైకిలు వెనక చక్రంలో బేరింగుగా పనిచేస్తున్నాడు. పర్మినెంటు ఉద్యోగం. ఇరుసు చుట్టూ ఒళ్లు చుట్టుకుని తిరగడం తప్ప వేరే పనేముందని చుట్టాలు కుళ్లుకునేవారు. నెలకోసారి గ్రీజు ఇవ్వాలని రూలుంది. ఇప్పటికి రెండుసార్లు ఇచ్చారు.

మొన్నటి వానల్లో గుంతల నీళ్లు లోపలికి దిగి చిట్టబ్బాయి నడుము అరిగింది. బండి నలభై దాటితే మూలగడం మొదలుపెట్టాడు. ప్రకాశరావు చక్రాన్ని పైకెత్తి, చేత్తో తిప్పి, చెవి పెట్టి విన్నాడు.

"బేరింగు పోయింది," అన్నాడు.

"మరేనండి," అన్నాడు చిట్టబ్బాయి లోపల్నించి.

మెకానిక్కుకి బండి అప్పగిస్తే కొండనాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొడతాడని ప్రకాశరావు నమ్మకం. అందుకని ఆదివారం పొద్దున్నే పోర్టికోలో గోనెపట్టా పరిచి, చక్రాల శాఖకి దరఖాస్తు పెట్టాడు. నిబంధన ప్రకారం అరిగినవాడి స్థానంలో వారసులెవరైనా చేరితే అతన్ని ఇంటికి పంపుతారు. ఎవరూ చేరకపోతే పాత ఇనప సామాన్ల బండికి వేసేస్తారు. శాఖవారు దీన్ని కారుణ్య నియామకం అంటారు.

చిట్టబ్బాయికి ఒక్కతే కూతురు, నూకరత్నం. నర్సింగు మూడో ఏడు చదువుతోంది. ఆ పిల్ల చక్రంలోకి రాకూడదన్నదొక్కటే అతని కోరిక. "నన్ను ఇనప బండికేసెయ్యండి బాబూ, దానికి మాత్రం సెప్పకండి," అని దణ్ణం పెట్టబోయాడు గానీ చేతులు చక్రంలోంచి రాలేదు. అప్పటికే శాఖవారు ఫోను చేసేశారు. పది గంటలకల్లా నూకరత్నం సర్టిఫికెట్లూ రెండు ఫొటోలూ పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"ఎందుకొచ్చావే?" అన్నాడు తండ్రి.

"మరి నిన్ను తూకానికేసేత్తారంట గదా నాన్నా."

చిట్టబ్బాయి భోరుమన్నాడు. ఏడిస్తే తుప్పు పడుతుందని ప్రకాశరావు మందలించాడు.

కొత్త బేరింగుని ఓ గంట చల్లబెడితే కాస్త కుదించుకుని, చక్రం మధ్య గూట్లోకి సులువుగా దిగుతుంది. ప్రకాశరావు భార్య సత్యవతి ఫ్రీజర్లో చేపలు పక్కకి జరిపింది. "కాళ్లు ముడుచుకో అమ్మా. ఆకలేస్తే తలుపు కొట్టు, ఇడ్లీలున్నాయి," అంది. మనిషి మంచిదే. ఈలోగా ప్రకాశరావు వెనకనుంచి కడ్డీ పెట్టి కొట్టి చిట్టబ్బాయిని బయటికి తీశాడు. గూడు కాస్త సాగాలని అందులో వేణ్నీళ్లు పోశాడు.

ఇక మిగిలింది బిగింపు. సుత్తి దెబ్బ కొత్తదాని మీద నేరుగా పడితే పగులుతుంది. అందుకని పాతదాన్ని పైన పెట్టి, దాని మీద కొడతారు. ఇంట్లో రిపేరు చేసుకునేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. వణుకుతున్న నూకరత్నాన్ని గూటి మీద ఉంచి, ఆమె మీద చిట్టబ్బాయిని బోర్లా పడుకోబెట్టాడు ప్రకాశరావు.

"సలేత్తందా తల్లీ?"

"లేదు నాన్నా."

సుత్తి పడింది. దెబ్బ దెబ్బకీ చిట్టబ్బాయి వీపు కమిలింది, కూతురు ఒక్కో వేలెడు లోపలికి దిగింది. తండ్రి చొక్కా పట్టుకున్న ఆమె చెయ్యి కూడా చివరికి గూట్లోకి వెళ్లిపోయింది. ప్రకాశరావు చెమట తుడుచుకుని సుత్తి కింద పెట్టాడు.

చిట్టబ్బాయి లేవలేదు. పడుకున్నచోటి నుంచే గూటి అంచు చుట్టూ వేళ్లతో తడిమి చూశాడు.

"ఈ పక్క ఇంకా వదులుగా ఉందండి," అన్నాడు. "ఇంకో రెండు గట్టిగా కొట్టండి బాబూ. వదులుగా ఉంటే ఏడాది తిరక్కుండా తీసేత్తారు."